రాజ్యరహస్యం – బయటి సలహాదారు: హైదరాబాదు సంస్థాన అనుభవం

1. ప్రవేశిక:

తమ ఉద్యోగవర్గంలో లేని నైపుణ్యాన్ని ప్రభుత్వాలు బయటినుండి రప్పించుకోవడం కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద దక్షిణపు గట్టున పాతనగరాన్ని, ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజ్‌ను ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహాదారు ఇంజనీరుగా నియమించింది. అటువంటి నిపుణునికి అవసరమైన వర్షపాతం, చెరువుల లెక్కలు పదిమందికి తెలిసినా రాజ్యానికి నష్టం లేదు. రాజ్యాంగ సలహాదారు స్థితి వేరు. సంప్రదింపులలో ప్రభుత్వం ఎంతవరకు దిగివస్తుందో ఆయనకు తెలుస్తుంది. ఆ హద్దు ముందే బయటపడితే సంప్రదింపులకు బలముండదు.

2. 1947 అక్టోబరు సంఘటన:

1936లో ఎనిమిదవ ఎడ్వర్డ్ సింహాసన పరిత్యాగ సమయంలో ఆయనకు సలహాదారుగా ఉన్న ఆంగ్ల న్యాయవాది సర్ వాల్టర్ మాంక్టన్, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కూ రాజ్యాంగ సలహాదారు. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందాన్ని చర్చించిన ప్రతినిధివర్గంలో ఆయన, ప్రధాని ఛత్తారీ నవాబు, సర్ సుల్తాన్ అహ్మద్ ఉన్నారు. ముసాయిదాకు కార్యనిర్వాహక మండలి ఆమోదం లభించింది. అక్టోబరు 27న ప్రతినిధివర్గం ఢిల్లీకి బయలుదేరవలసి ఉండగా, తెల్లవారకముందే ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అనుచరులు వారి ఇళ్లను చుట్టుముట్టారు. ప్రయాణం ఆగింది. ఆ ముగ్గురూ తప్పుకున్నారు. కొత్త ప్రతినిధివర్గం వెళ్లినా ఒప్పంద స్వరూపం మారలేదు. నవంబరు 29న సంతకాలు జరిగాయి.

బయలుదేరే వేళకు ముందే గుంపు గుమ్మం ముందుకు వచ్చిందంటే, లోపలి మాట వీధికి చేరిందని భావించవలసి ఉంటుంది. బయటి సలహాదారును మాత్రమే అనుమానించే రక్షణవిధానం చాలదని ఈ సంఘటన సూచిస్తుంది. ముసాయిదాను చూసిన ప్రతి వ్యక్తీ ఆ గొలుసులో ఒక కొక్కెమే.

3. నేటి చట్టస్థితి:

1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉద్యోగులకే పరిమితం కాదు. ప్రభుత్వంతో కాంట్రాక్టు ద్వారా రహస్య సమాచారం పొందినవారికీ దాని 5వ సెక్షన్ వర్తిస్తుంది. న్యాయవాది, కక్షిదారుల మధ్య గోప్యతను భారతీయ సాక్ష్య అధినియమం–2023లోని 132వ సెక్షన్ కాపాడుతుంది. నిర్వహణ, సాంకేతిక సలహాదారులకు ఆ వృత్తిరక్షణ లేదు. కాబట్టి వారి విషయంలో కాంట్రాక్టులోని గోప్యతా షరతులే కీలకం. ఆ షరతులలో మూడు అంశాలు స్పష్టంగా ఉండాలి: పనికి అవసరమైనంత సమాచారమే ఇవ్వడం, ఎవరు ఏ పత్రం చూశారో నమోదు చేయడం, పని ముగిశాక పత్రాలను తిరిగి తీసుకోవడం.

మూడవ అంశం చరిత్ర పరిశోధకులకు మరీ ముఖ్యం. మాంక్టన్ పత్రాలు నేడు ఆక్స్‌ఫర్డ్‌లో భద్రంగా ఉన్నాయి. హైదరాబాదు చివరి సంప్రదింపులను అధ్యయనం చేసేవారు తమ రాజ్యచరిత్రలో కొంత భాగం కోసం పరదేశపు గ్రంథాలయాన్ని ఆశ్రయించవలసి వస్తోంది. కేంద్ర ప్రభుత్వ దస్త్రాలను అనుమతి లేకుండా దేశం దాటించడాన్ని 1993 నాటి ప్రభుత్వ దస్త్రాల చట్టం నిషేధించింది.

4. ముగింపు:

గోప్యత శాశ్వతం కారాదు. సమాచార హక్కు చట్టం–2005లోని 8(3) సెక్షన్, కొన్ని మినహాయింపులతో, ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారాన్ని ఇవ్వాలంటుంది. నిర్ణయం జరిగే వరకు రహస్యాన్ని కాపాడటం ప్రభుత్వ ధర్మం. కాలం గడిచాక ఆ పత్రాన్ని ప్రజలకు అందించడమూ ఆ ధర్మంలో భాగమే. సలహాదారు వెంట పత్రం వెళ్లిపోతే ఈ రెండవ ధర్మం నెరవేరదు.