గూడెం కథలో ఊరెక్కడ?

పదిహేనేళ్ల కింద ఉట్నూరు వైపు ఒక బడిలో పనిచేస్తున్నప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలకు 'మా ఊరు' వ్యాసం రాయమన్నాను. ముప్పై ఇళ్లు దాటని గోండు గూడెం నుంచి వచ్చే ఒక పిల్లవాడు తమ ఊరి పక్కన నది పారుతుందని, పోస్టాఫీసు ఉందని, ప్రజలు అన్యోన్యంగా జీవిస్తారని రాశాడు. ఆ ఊరికి నదీ లేదు, పోస్టాఫీసూ లేదు. గైడులోని వ్యాసం దించాడు. తెలిసీ పదికి ఎనిమిది మార్కులు వేశాను. భాషలో తప్పుల్లేవు గదా!

మన కథల్లోని చిన్న ఊళ్లను చదివినప్పుడల్లా నాకు ఆ ఎనిమిది మార్కులు గుర్తుకొస్తాయి. అడవి, వెన్నెల, డప్పు, అమాయకులు. కాకపోతే దానికి తిరగేత: ఆకలి, అజ్ఞానం, మేల్కొలపడానికి వచ్చే బయటి మనిషి. రెండు రకాల కథల్లోనూ ఊరు ఒంటరి దీవే. నా అభ్యంతరం ఇక్కడే. ఊరు ఎంత చిన్నదైతే దానికి ఇతర ఊళ్లతో అంత ఎక్కువ పని.

జైనూరు మండలంలోని మార్లవాయిని తీసుకుందాం. 1940లో కుమురం భీం హతుడైన తర్వాత గోండుల అశాంతికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సాయం తీసుకుంది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో నివాసమున్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. 1987లో మరణించిన బెట్టీ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. ఈ దంపతుల కథంటే మన పత్రికలకు ఇష్టం. కాని రచయితకు అంతకన్నా అక్కరకొచ్చేది ఆయన గోండు ఊళ్లను గురించి నమోదు చేసిన సంగతులు.

గోండుల్లో నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల వాళ్లని సగలున్నాయి. ఒకే సగలో పెళ్లి కుదరదు. అంటే ముప్పై ఇళ్ల ఊరు తనలో తాను పెళ్లిళ్లు చేసుకొని బతకలేదు. కోడలు ఇంకో ఊరి నుంచి రావాలి, బిడ్డ ఇంకో ఊరికి పోవాలి. వంశ కథలు పాడే ప్రధాన్ కిక్రీ పట్టుకొని ఎన్నో ఊళ్లలోని గోండు ఇళ్లకు పోతాడు. దీపావళికి దండారి బృందం, నెమలి ఈకల టోపీల గుస్సాడీలతో సహా, పొరుగూరికి అతిథిగా పోతుంది. వచ్చిన వాళ్లందరికీ తిండి పెట్టే భారం ఆ ఊరిది. ఆ జొన్నలు ఎవరింటి నుంచి వచ్చాయి, ఎవరు అప్పు చేశారు? మన కథకులు గుస్సాడీ ఆట దగ్గరే ఆగిపోతారు.

భూమి సంగతి మరీ ముఖ్యం. తేలిక నేలను కొన్నేళ్లు దున్ని, సారం తగ్గితే బీడు వదిలి, మరో చోట సాగు చేసేవారు. అడవిని రిజర్వు చేసినప్పుడు ఆ బీడు అడవి లెక్కలోకి పోయింది. తిరిగి దున్నబోయిన మనిషి దొంగ అయ్యాడు. కథలో ఫారెస్టు గార్డు దుర్మార్గుడని రాయడం సులువు. గార్డు మంచివాడైనా చేను పోయేదే అని రాయడానికి ఆ గీత గురించి తెలిసుండాలి.

అమెరికాలో షెర్వుడ్ ఆండర్సన్ 'వైన్స్‌బర్గ్, ఒహాయో' (1919), సింక్లెయిర్ లూయిస్ 'మెయిన్ స్ట్రీట్' (1920) చిన్న పట్నమంటే ప్రశాంతత అనే నమ్మకాన్ని బద్దలుకొట్టాయి. మన విద్యార్థులు తప్పక చదవాలి. అయితే అక్కడి వస్తువు ఏకాకితనం, ఊపిరాడనితనం, పట్నం విడిచిపోవాలన్న తపన. దాన్నే తెచ్చి గూడేనికి తగిలిస్తే అది ఇంకో గైడు వ్యాసం.

గూడెం మనిషి పెద్ద గుంపులో నిలబడేది వారం అంగడిలో. ఉప్పు, నూనె, సావుకారు బాకీ, చుట్టాల కబురు, పెళ్లి మాట అన్నీ అక్కడే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది సోమవారం, అంగడి రోజున. ఆ రోజు పోలీసు కాల్పుల్లో చనిపోయినవారు ప్రభుత్వ లెక్కలో 13 మంది. జనం లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఆ జనమంతా ఒక్క ఊరివాళ్లు కారు. చిన్న చిన్న ఊళ్ల నుంచి నడిచి వచ్చినవాళ్లు.

ఆ పిల్లవానితో ఆ వ్యాసం మళ్లీ రాయించాను. ఈసారి అరపేజీ కూడా రాలేదు. అక్క నిచ్చిన ఊరి పేరు, ఆ ఏడు తమ ఇంటికి దండారి వచ్చిన ఊరి పేరు, అంగడికి ఎన్ని కోసులు నడవాలో రాశాడు. రెండు చోట్ల గోండి మాటలున్నాయి. వాటి కింద ఎర్రగీత గీయాలా వద్దా అని కాగితం రెండు రోజులు నా సంచిలోనే ఉంది.