అలీ, మార్సియానో: కంప్యూటర్ చెప్పిన తీర్పు

బాక్సింగ్ అభిమానులు నలుగురు కూర్చున్నచోట తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. వేర్వేరు కాలాల యోధులను ఒకే రింగులో నిలబెడితే ఎవరు గెలుస్తారు? ఈ ప్రశ్నను కంప్యూటర్‌నే అడిగిన ముచ్చట ఈవారం చెప్పుకుందాం. అది మొదలైంది కూడా రేడియోలోనే.

1967లో అమెరికాలోని మయామీకి చెందిన ముర్రే వొరోనర్ అనే రేడియో నిర్మాత 16 మంది హెవీవెయిట్ యోధుల బలాబలాలను అంకెల్లోకి మార్చి కంప్యూటర్‌కు ఎక్కించాడు. అది ఇచ్చిన ఫలితాలను నిజం పోటీల్లాగే వ్యాఖ్యానంతో ప్రసారం చేశాడు. ఆఖరి పోరులో జాక్ డెంప్సీ మీద రాకీ మార్సియానో గెలిచాడు. ముహమ్మద్ అలీ అంతకుముందే జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు.

అలీకి ఇది వినోదంగా తోచలేదు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో చేరనన్నందుకు అదే ఏడాది అతని టైటిల్ పోయింది, రింగులో దిగే అనుమతీ పోయింది. అప్పటికి నిజం పోటీలో ఒక్కసారీ ఓడని మనిషి! బదులు చెప్పుకునే దారి లేనప్పుడు ఇలా ఓడించడం తన పరువు తీయడమేనంటూ పది లక్షల డాలర్లకు దావా వేశాడు. చివరికి రాజీ కుదిరింది. 1969లో మార్సియానోతో కలిసి ఉత్తుత్తి పోటీని సినిమా తీయడానికి అలీ ఒప్పుకున్నాడు.

49 పోటీలాడి 49 గెలిచి, 1956లో విరమించుకున్న మార్సియానో ఈ సినిమా కోసం ఒళ్ళు తగ్గించి, విగ్గు పెట్టుకుని వచ్చాడు. ముగింపులు రకరకాలుగా తీశారు. ఆగస్టు 31న మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1970 జనవరి 20న అమెరికా థియేటర్లలో వేసిన సినిమాలో అతను 13వ రౌండులో అలీని నాకౌట్ చేశాడు. ఐరోపాలో చూపిన ముగింపులో మాత్రం అలీయే గెలిచాడు!

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలవదు కదా. ఎవరి దెబ్బకు ఎంత విలువ కట్టాలో కంప్యూటర్‌కు చెప్పింది మనుషులే. పైగా ఏ కాలపు నియమాలతో ఆడించాలి? 1952లో జో వాల్కాట్‌తో జరిగిన టైటిల్ పోటీలో 12 రౌండ్లు ముగిసేసరికి మార్సియానో పాయింట్లలో వెనకబడి ఉన్నాడు. 13వ రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో గెలిచాడు. నేటి టైటిల్ పోటీలకు 12 రౌండ్లే. ఆ లెక్కన అతను ఆ రోజు ఓడిపోయినట్టే, 49కి 49 అన్న రికార్డూ లేనట్టే. అంతేకాదు, అతని బరువు 185 పౌండ్ల చుట్టూ ఉండేది. ఇప్పుడైతే 200 పౌండ్ల లోపువాళ్ళ క్రూయిజర్‌వెయిట్‌లో ఆడవలసినవాడు.

కాబట్టి మీ ఇంట్లో తాతగారు ఒకరి పక్షం, మనవడు ఇంకొకరి పక్షం పట్టి వాదించుకుంటుంటే, ముందు ఇది అడగండి: పోటీ 15 రౌండ్లా, 12 రౌండ్లా? ఏ ఏటి అలీ? 1967 నాటివాడా, మూడున్నరేళ్ళు ఆటకు దూరమై 1970 అక్టోబరులో తిరిగొచ్చినవాడా? అవి తేలాక వాదించుకుంటే ఇద్దరికీ ఆట గురించి నాలుగు విషయాలు తెలుస్తాయి. సెలవు.