ఉప్పునీటి చేపల తొట్టికి సంపు, అలుగు

సూర్యాపేటకు సముద్రతీరము సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరము. విజయవాడ దాటి మచిలీపట్నము చేరిన గాని అల కనబడదు. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో నీరనగా సాగర్ ఎడమ కాలువ నీరు, చెరువు నీరు, బోరు నీరు మాత్రమే. ఇట్టి చోట సముద్రపు చేపలను ఇంట పెంచవలెనను కోరిక పెద్దలకు వింతగా తోచవచ్చును. కాని నేడు హైదరాబాదు నుండి గాజుతొట్లు, సముద్రపు ఉప్పు సంచులు, పంపులు, చేపలు తెప్పించుకొనుట కష్టము కాదు. కష్టమైనది వేరొకటి కలదు. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు తొట్టిలోని నీరు ఎచ్చటికి పోవును? ఈ ప్రశ్నకు ముందుగా సమాధానము వ్రాసికొనక తొట్టి కొన్నవారికి ఆ సమాధానము నేలపై కనబడును. మేము ఈ వ్యాసమున ఆ ఒక్క ప్రశ్ననే ప్రధానముగా గైకొంటిమి.

సంపు అను మాట మన ఇండ్లలో అందరికి తెలిసినదే. వాకిట భూమిలో కట్టిన నీటి తొట్టి అది. ఉర్దూ విభాగపు మిత్రులు హౌజ్ అన్నను దాదాపు అదియే. కుళాయి నీరు సంపులో చేరును, మోటారు దానిని మేడపై ట్యాంకుకు ఎక్కించును. ఉప్పునీటి చేపల తొట్టికి కూడ ఇట్టి సంపు కలదు. చేపలు తిరుగు తొట్టి బల్లపై ఉండును, సంపు బల్ల క్రింద ఉండును. పై తొట్టి అంచున ఏర్పరచిన అలుగు మీదుగా నీరు గొట్టము గుండ సంపులోనికి దిగును. అచ్చట శుద్ధియై, చిన్న పంపు ద్వారా తిరిగి పైకి పోవును.

మన పూర్వులు కట్టిన గొలుసుకట్టు చెరువులను చూచినవారికి ఇందు నేర్చుకొనవలసిన క్రొత్త సూత్రము లేదనియే చెప్పవచ్చును. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువున చేరును. భేదమెల్ల, ఇచ్చట క్రింది నీరు మరల పైకి ఎక్కును. అలుగు చాలని నాడు, మిగులు నీటికి దారి లేని నాడు ఏమగునో ఈ ప్రాంతమువారికి వివరింప పని లేదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదటి దినమున కురిసిన భారీ వర్షములకు కోదాడ పట్టణము జలమయమైనది. నడిగూడెం మండలమున సాగర్ ఎడమ కాలువకు గండి పడినది. గాజుతొట్టి గండి అంత ఘోరము కాకపోవచ్చును. కాని ఉప్పునీరు, విద్యుత్తు ఒకేచోట ఉన్నప్పుడు అది చిన్న విషయమనుట తగదు.

ఇక లెక్కకు వత్తము. పై తొట్టి పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 45, ఎత్తు 50 అనుకొందము. గాజు మందమును విడిచిపెట్టితిమి. ఇందు ఒక్క సెంటీమీటరు మట్టమునకు 5.4 లీటర్ల నీరు పట్టును. పంపు నడచునప్పుడు నీటిమట్టము అంచుకు 4 సెంటీమీటర్ల క్రింద ఉన్నచో తొట్టిలో సుమారు 248 లీటర్లు ఉండును. సంపు పొడవు 90, వెడల్పు 40, ఎత్తు 40. నిండుగా పోసిన 144 లీటర్లు. దీనిని అడ్డుగాజులతో మూడు గదులు చేయుదురు. మొదటి రెండు గదుల పొడవు కలిపి 65 సెంటీమీటర్లు, వాటిలో నీరు ఎల్లప్పుడు 25 సెంటీమీటర్ల ఎత్తున నిలుచును. చివరిది పంపు గది, దాని పొడవు 25, నీటి ఎత్తు 23. అన్నియు కలిపి 88 లీటర్లు. కావున సంపులో 56 లీటర్ల చోటు ఖాళీగా ఉన్నదన్నమాట. ఈ ఖాళీని చూచి, చోటు వృథా యగుచున్నదని నింపువారు కలరు. ఆ ఖాళీయే ఇంటికి రక్ష.

కరెంటు పోయినది. పంపు ఆగినది. అలుగు అంచు వరకు ఉన్న పలుచని పొర దిగిపోవును; అది స్వల్పము. కాని పంపు నుండి పైకి పోవు గొట్టపు చివర తొట్టిలో మునిగియున్నచో అది ఇప్పుడు సైఫనుగా మారి నీటిని వెనుకకు లాగును. ఆ చివర గాలికి తగులువరకు ఈ లాగుట ఆగదు. చివర 12 సెంటీమీటర్ల లోతున ఉన్నదనుకొందము. 12ను 5.4తో హెచ్చించిన దాదాపు 65 లీటర్లు. గొట్టములలో, అలుగు పెట్టెలో ఉన్న నీరు మరియొక 4 లీటర్లు. మొత్తము 69. ఖాళీ 56 మాత్రమే. పదమూడు లీటర్ల ఉప్పునీరు గదిలో పారును. అదే గొట్టపు చివరను 3 సెంటీమీటర్ల లోతునకు ఎత్తి బిగించినచో దిగునది 16 లీటర్లు, గొట్టములవి 4, మొత్తము 20. సంపులో ఇంకను 36 లీటర్ల చోటు మిగులును. ఒక్క గొట్టమును ఒక జానెడు కంటె తక్కువ పైకి జరుపుటలో ఇంత భేదము కలదు.

కొందరు గొట్టములో వెనుకకు నీరు రాకుండ వాల్వు అమర్చుదురు. కొందరు గొట్టమునకు నీటిమట్టము దగ్గర చిన్న రంధ్రము వేయుదురు. రెండును మంచివే, కాని వానినే నమ్ముట మంచిది కాదని మా అభిప్రాయము. పాచి పట్టిన రంధ్రము మూసికొనును, ఉప్పు పేరుకొన్న వాల్వు సరిగా మూసికొనదు. గొట్టపు ఎత్తునకు మాత్రము పాచి పట్టదు.

రెండవ ప్రమాదము దీనికి విపరీతము. పంపు నడచుచునే యుండును, క్రిందికి దిగు గొట్టము మూసికొనును. ఒక నత్త గాని, పాచి ముద్ద గాని, చనిపోయిన చేప గాని అందుకు చాలును. అప్పుడు పంపు తన గదిలోని నీటిని పైకి పోయుచుండును, పై తొట్టి పొంగును. ఇచ్చట రక్షణ పంపు గది చిన్నతనములో ఉన్నది. మనము చెప్పుకొన్న గదిలో మట్టము 23 నుండి 5 సెంటీమీటర్లకు తగ్గువరకు పంపు ఎక్కించునది 18 లీటర్లు. పై తొట్టిలో అంచు వరకు మిగిలిన చోటు 4 సెంటీమీటర్లు, అనగా 21.6 లీటర్లు. పొంగదు. పంపు గదిని 45 సెంటీమీటర్ల పొడవున కట్టినచో అదే మట్టమునకు 32 లీటర్లు ఎక్కును, దాదాపు 11 లీటర్లు నేలపాలగును. అయితే ఆగక తిరుగు పంపు నీరు లేక వేడెక్కి చెడును. ఇల్లు మునుగుటకంటె పంపు చెడుటయే మేలు.

అలుగు ఏర్పరచుటకు రెండు పద్ధతులు కలవు. గాజునకు రంధ్రము వేయించి లోపల అలుగు పెట్టె అమర్చుట ఒకటి. రంధ్రము వేయకుండ, అంచు మీదుగా వంపు గొట్టము వ్రేలాడదీసి సైఫను ద్వారా నీటిని దింపుట రెండవది. ఈ రెండవది చౌక, సులభము. కాని వంపులో గాలి చేరిన సైఫను తెగును. కరెంటు వచ్చి పంపు తిరిగి పని మొదలిడినప్పుడు నీరు పైకి పోవుచుండును, క్రిందికి రాదు. మా పట్టణములలో పూర్వమంత కాకున్నను గాలివాన రాత్రి కరెంటు పోయి వచ్చుట సామాన్యము; కావున రంధ్రము వేయించిన తొట్టినే మేము సూచింతుము. వేడిచేసి గట్టిపరచిన టఫన్డ్ గాజునకు రంధ్రము పడదు, పగులును. తొట్టి చేయించునప్పుడే ఈ సంగతి చెప్పవలెను.

అలుగు పెట్టెలో రెండు గొట్టములు ఉంచవలెను. చెరువునకు తూము, అలుగు వేరువేరుగా ఉన్నట్లే. మొదటి గొట్టము తూము వంటిది: దాని క్రింద వాల్వు అమర్చి, పంపు ఎక్కించునంత నీరే దిగునట్లు సరిచేయుదురు. నిండుగా పారు గొట్టము చప్పుడు చేయదు. గాలి కలిసిన గొట్టము రాత్రంతయు గురగురలాడును. రెండవ గొట్టము కొంచెము ఎత్తున, పొడిగా నిలిచియుండును. మొదటిది మూసికొన్న నాడు మాత్రమే దానికి పని. దానికి వాల్వు ఎన్నడును పెట్టరాదు. అలుగు అంచు పొడవుగా ఉండుట మంచిది, నీరు పలుచగా జారి పైన తేలు జిడ్డును ఊడ్చికొనిపోవును. చేపపిల్లలు జారకుండ దువ్వెన పళ్ళ వంటి కోతలు పెట్టుదురు.

సంపులో ఏమి ఉంచవలెను? మొదటి గదిలో నురుగు తీయు స్కిమ్మరు. దానికి స్థిరమైన మట్టము కావలయును, కావుననే అడ్డుగాజులు. రెండవ గదిలో సూక్ష్మజీవులు నివసించుటకు గరుకు రాళ్ళు గాని పింగాణీ ముక్కలు గాని. చేపల మలినము నుండి పుట్టు అమ్మోనియాను ఈ జీవులు నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చును. ఇవి స్థిరపడుటకు కొన్ని వారములు పట్టును, అంతవరకు చేపలను తేరాదు. రాళ్ళకై పగడపు దిబ్బల ముక్కలను వెదకరాదు. రాతిపగడములు, సముద్రగుఱ్ఱములు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. వానిని పట్టుట, అమ్ముట నేరము.

ఇక నీరు. నల్లగొండ పేరు వినగనే ఫ్లోరైడు జ్ఞప్తికి వచ్చును. అయితే సముద్రపు నీటిలోనే సహజముగా లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు కలదు. చేపలకు అంతకంటె అపకారి కుళాయి నీటిలోని క్లోరిను, పాచికి పనికివచ్చునది బోరునీటిలోని నైట్రేటు. కావున ఆర్‌.ఓ. నీటిలో సముద్రపు ఉప్పు కలుపవలెను, లీటరుకు 35 గ్రాములు. మన 336 లీటర్లకు దాదాపు 12 కిలోలు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము, సల్ఫేటు కూడ ఉండవలెను.

మే నెలలో మన ఎండ 40 డిగ్రీలు దాటును. సముద్రపు చేపలకు 24 నుండి 27 డిగ్రీలు హితము. సంపుపై చిన్న ఫ్యాను నడిపిన నీరు ఆవిరియై చల్లబడును. భౌతికశాస్త్ర విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును: ఒక లీటరు ఆవిరైనచో, గది నుండి వేడి చేరనిచో, 336 లీటర్ల నీరు ఒకటిన్నర డిగ్రీలకు పైగా చల్లబడును. కాని ఆవిరైనది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే మిగులును. తగ్గిన మట్టము పంపు గదిలోనే కనబడును, మనకు లీటరునకు ఒక సెంటీమీటరు. అంత ఉప్పులేని ఆర్‌.ఓ. నీటినే ప్రతిదినము పోయవలెను.

తీగలను గురించి ఒక్క మాట. సాకెట్టు సంపునకు ఎత్తున ఉండవలెను, తీగ సాకెట్టు కంటె క్రిందికి వ్రేలాడి తిరిగి పైకి పోవలెను. తీగ వెంట జారిన నీరు వంపున చుక్కలై రాలును. విద్యుత్తు భూమికి కారిన వెంటనే తెగగొట్టు స్విచ్చు తప్పనిసరి. కళాశాల కమిటీవారు జంతుశాస్త్ర ప్రయోగశాలకు ఇట్టి తొట్టిని ఎన్నడైనను తలపెట్టినచో చేపల జాబితా కంటె ముందు ఈ స్విచ్చును, పైన చెప్పిన రెండు లెక్కలను అడుగవలెనని మనవి.

తొట్టి, సంపు అమర్చిన పిమ్మట ఉప్పు కలుపకముందే మంచినీటితో నడిపి చూడవలెను. పంపు నడచుచుండగా స్విచ్చు ఆపి, నీరు దిగుట పూర్తియగువరకు వేచి, సంపులో ఎంత ఎత్తున నిలిచినదో చూడవలెను. పిదప పంపును తిరిగి నడిపి, దిగు గొట్టమునకు గుడ్డ కుక్కి, పై తొట్టి పొంగునో లేదో, రెండవ గొట్టము తన పని చేయునో లేదో చూడవలెను. రెండవ గొట్టమునకు కూడ గుడ్డ కుక్కి మరియొకసారి చూడవలెను. రెండు పరీక్షలును గెలిచిన తరువాత, పంపు నడచునప్పుడు పంపు గదిలో నీరు నిలిచిన చోట రంగుతో గీత గీయవలెను. ఆ గీతకు పైన ఇంటిలోని వారెవ్వరును నీరు పోయరాదు.