మీకు తెలుసా? పచ్చి జీడిపిక్కను పంటితో కొరకకూడదు

జీడిమామిడికి పండు కన్నా ముందు పిక్కే ఎదుగుతుంది. మనం పండు అనుకునేది ఉబ్బిన కాడ మాత్రమే. అసలు కాయ కింద వేలాడే పిక్కే. దాని పెంకులోని జిగట నూనె తగిలితే చర్మం పొక్కిపోతుంది. జీడి కూడా మామిడి కుటుంబమే, మామిడి సొన పడనివాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఉద్దానం వైపు వేసవిలో పిక్కలు ఏరి ఎండబెడతారు. ఇంట్లో అయితే ఆరుబయట పాత రేకు మీద కాల్చడమే పద్ధతి. నూనె కారి భగ్గున అంటుకోగానే బూడిద చల్లి ఆర్పాలి. చల్లారాక రాయితో చిన్నగా కొడితే పప్పు విరగకుండా వస్తుంది. ఆ పొగా మంచిది కాదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పలాస ఫ్యాక్టరీల్లో ఆవిరికి ఉడికించి ఒలుస్తారు. ఇంతా చేసి ఆ పాడు నూనెకూ గిరాకీ ఉంది: బ్రేకు లైనింగుల తయారీలో వాడతారు.