తొంభై రోజుల జ్ఞాపకం

విజయదశమి రాత్రి కడప జిల్లా ప్రొద్దుటూరులో అమ్మవారి తొట్టి మెరవణి బయల్దేరినప్పుడు వీధిలో నిలబడి చూసేవాళ్లు వేలమంది. ఆ జనంలోకి దిగలేక ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూసే ముసలివాళ్లు, బాలింతలు, అంగడి వదిలి రాలేనివాళ్లు మరెందరో. రెండో మైసూరు అని పేరుపడిన ఈ దసరా హైదరాబాదు ఛానళ్లకు అర నిమిషం వార్త. ఊరి కేబుల్ ఛానలుకు మాత్రం అది రాత్రంతా నడిచే ప్రసారం. అమ్మవారిశాల అలంకారం దగ్గర కెమెరా తొందరపడదు. మేళం ముందు ఆగుతుంది. కేరళ నుంచి, కన్నడ దేశం నుంచి వచ్చిన కళాకారుల ముందు ఆగుతుంది. చెక్కభజన చేసేవాళ్ల కాళ్ల గజ్జెలు కనిపించేదాకా దగ్గరికి పోతుంది. జమ్మలమడుగు నారాపురస్వామి బ్రహ్మోత్సవాలకైనా, శ్రావణ శనివారాల్లో పులివెందుల జనం తరలిపోయే గండి ఆంజనేయస్వామి తిరునాళ్లకైనా, తేరు బజారులో జరిగే బండలాగుడు పోటీకైనా ఇంత ఓపికగా నిలబడే కెమెరా ఇంకొకటి లేదు. ఇంత శ్రద్ధగా తీసినది మర్నాటికి ఏమవుతున్నదన్నదే ఈ కథనం లేవనెత్తే ప్రశ్న. చాలావరకు అది చెరిగిపోతున్నది. దాన్ని చెరగనివ్వడం, ఒక ప్రాంతం తన చరిత్రను తానే పోగొట్టుకోవడం.

నిబంధనల్లోనే ఒక చిత్రం ఉంది. కేబుల్ సంస్థలు సొంతంగా నడిపే ఛానళ్లకు కేంద్ర సమాచార ప్రసార శాఖ 2022 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కో ఛానలు నమోదుకు రుసుము వెయ్యి రూపాయలు. మొత్తం సామర్థ్యంలో అలాంటి ఛానళ్లు ఐదు శాతం మించకూడదు. ఆ పరిమితికి అదనంగా, స్థానిక విషయాల కోసమే జిల్లాకు రెండేసి ఛానళ్లకు అనుమతి ఉంది. అంటే జిల్లాకు తనదైన మాట, తనదైన పాట ఉంటాయని, వాటికి తెర మీద చోటు కావాలని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ ఛానళ్లలో వేసినదాన్ని ఎన్నాళ్లు దాచాలని చెప్పింది? తొంభై రోజులు. ఫిర్యాదు వస్తే విచారించడానికి ఆ గడువు సరిపోతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ తర్వాతి కాలానికి ఇంకో నిబంధన గానీ, ఇంకో సంస్థ గానీ లేదు. దసరాకు తీసినది సంక్రాంతికల్లా చెరిపేసినా అడిగేవారు లేరు.

ఈ పని మరోలా జరిగిన చోటు చూడాలంటే పసిఫిక్ సముద్రం మధ్యకు పోవాలి. 2010 లెక్కల్లో హవాయి జనాభా పదమూడున్నర లక్షలు చిల్లర. మరుసటి ఏడాది మన జనగణనలో అప్పటి ఉమ్మడి కడప జిల్లా జనాభా 28 లక్షల 80 వేలు దాటింది. జిల్లాలో సగం కూడా లేని ఆ దీవుల్లో 1896 చట్టం బడుల నుంచి హవాయి భాషను తరిమేసింది. రెండు మూడు తరాలు తాతల భాష రాకుండానే పెరిగాయి. 1978లో రాజ్యాంగ సవరణతో అది మళ్లీ అధికార భాష అయింది. ఆ కాలంలో సంగీతాన్ని, హులా నృత్యాన్ని ఇంటింటికీ చేర్చినవాటిలో స్థానిక టీవీ ఒకటి. అక్కడి ప్రభుత్వ టీవీలో 1966లో మొదలైన పౌ హనా ఇయర్స్ పదహారేళ్లపాటు ఊళ్లలోని పాటగాళ్లను, ఉకులేలే వాయించేవాళ్లను తెర మీదకు తెచ్చింది. పౌ హనా అంటే పని ముగిసిన వేళ అని అర్థం. ఉద్యోగం చాలించిన పెద్దవయసువాళ్లను ఉద్దేశించిన పేరది. హిలో పట్టణంలో కలాకౌవా రాజు జ్ఞాపకంగా జరిగే మెర్రీ మోనార్క్ ఉత్సవంలో 1971లో హులా పోటీలు మొదలయ్యాయి. 1981 నుంచి అవి టీవీలో వస్తున్నాయి. మనకు పనికొచ్చే సంగతి ఈ ప్రసారాల తర్వాత జరిగింది. హవాయి విశ్వవిద్యాలయం పశ్చిమ ఓఆహు ప్రాంగణంలో ఉలుఉలు అనే భాండాగారం ఉంది. ఆ మాటకు సేకరణ అని అర్థం. కదిలే బొమ్మలకు అదే ఆ రాష్ట్రపు అధికారిక భాండాగారం. పాత టేపులు అక్కడికి చేరాయి. ఇప్పుడు హులా నేర్చుకునే పిల్ల నలభై ఏళ్ల కిందటి గురువు పాదం ఎలా పడిందో చూడగలదు.

పరాయి దేశపు ఉదాహరణ ఎందుకు అనిపిస్తే, మన దగ్గరే అంతకంటే పాతది ఉంది. పంతొమ్మిదో శతాబ్ది మొదట్లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ, ఆయనతో పనిచేసిన కావలి సోదరులు మనుషులను ఊరూరా పంపి, కరణాల నోట విన్నదీ, వాళ్ల కవిలెల్లో ఉన్నదీ రాయించారు. అవే కైఫియత్తులు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, ఏ పాళెగాడు ఎక్కడ కోట వేశాడు, ఏ దేవుడికి ఏ మాన్యం ఉంది, అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత ఆ కాగితాలు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం మన జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. ఈ రోజు గండికోట గురించి రాసే ప్రతివారూ వాటిని తిరగేయాల్సిందే. కేబుల్ ఛానలు దగ్గరున్న టేపులు కూడా ఈ వరుసలోవే. కరణం నోట పలికిన ఊరు కాగితం మీదకెక్కినట్టే, ఊరు తన పండుగను తాను ఎలా చూసుకున్నదో టేపు మీదకెక్కింది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. కేబుల్ ఛానళ్లలో సంస్కృతి ఎంత, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు, బంగారు అంగళ్ల ప్రకటనలు ఎంత అని. కేబుల్ వ్యాపారం చుట్టూ పలుకుబడి, పక్షపాతం ఉంటాయన్నదీ కొట్టిపారేయలేం. కానీ కైఫియత్తు మాత్రం కల్మషం లేనిదా? కరణం చెప్పినదాంట్లో తన ఊరి మాన్యం నిలబెట్టుకోవాలన్న ఆరాటం ఉంది, వంశాల గొప్పలు ఉన్నాయి. చరిత్రకారులు ఆ గొప్పలనూ సాక్ష్యంగానే చదివారు. ప్రొద్దుటూరు బంగారు అంగడి ప్రకటనలో గ్రాము ధర వినిపిస్తుంది, ఆ ఏడాది ఏ నమూనా హారానికి గిరాకీ ఉందో కనిపిస్తుంది. పులివెందుల వైపు ప్రకటనల్లో బోరుబండి, డ్రిప్పు పైపులు, చీనీ మొక్కలు కనిపిస్తాయి. యాభై ఏళ్ల తర్వాత ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్ర రాసేవారికి ఉత్సవ దృశ్యం కంటే ఆ ప్రకటనే విలువైనది కావచ్చు. ఏది చెత్త, ఏది సాక్ష్యం అని ఈరోజు కూర్చుని ఏరే హక్కు మనకు లేదు.

దీనికంటే బరువైన సంగతి మరొకటి ఉంది. 1999లో వచ్చిన సమరసింహారెడ్డి విజయం తర్వాత తెలుగు సినిమాకు రాయలసీమ అంటే సుమోలు, నాటుబాంబులు, వేటకొడవళ్లు. సీమ యాస విలన్ పక్కన నిలబడేవాడి భాష అయిపోయింది. ఇక్కడ కక్షలు లేవని ఎవరూ అనరు, ఆ నెత్తురు ఈ ఊళ్లకు తెలుసు. అయితే అదే ఊళ్లలో పీర్ల పండుగ రోజు గుండం చుట్టూ హిందువులూ అడుగులేస్తారు. పండరిభజన గురువు ఒకే అడుగును ఇరవైమంది చేత నెలల తరబడి సాధన చేయిస్తాడు. బండలాగుడు పోటీలో పాలపళ్ల కోడెలు, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి అని తరగతులుంటాయి. జత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలిచి, అంగుళాలతో సహా మైకులో చెబుతారు. యజమాని పేరు, ఊరు పేరు పలికేటప్పుడు వ్యాఖ్యాత గొంతులో వినిపించే "వచ్చినారు", "లాగినాయి", "గెలిచినారు" సీమ మనిషి సంబరానికి వాడే భాష. ఆ భాష పెద్ద తెర మీద దొరకదు. దొరికేది ఆ చిన్న ఛానలు టేపులోనే. అది చెరిగిపోతే సీమను గురించి మిగిలే బొమ్మ సినిమావాళ్లు గీసినదే అవుతుంది. అది అన్యాయం.

అంతా యూట్యూబ్‌లో ఉంది కదా అనేది రెండో అభ్యంతరం. నిజమే, ఎద్దుల పోటీలు ఇప్పుడు ఫోన్లలోనే లక్షలమంది చూస్తున్నారు. కానీ యూట్యూబ్ అంగడి, భాండాగారం కాదు. ఊరేగింపులో మేళగాళ్లు సినిమా పాట వాయిస్తే కాపీరైటు పేరుతో ఆ వీడియోకు శబ్దం పోవచ్చు, వీడియోనే పోవచ్చు. పెట్టినవాడు ఖాతా మూసేస్తే అన్నీ ఒక్కసారే పోతాయి. ఉన్నవాటిలోనూ "దసరా లైవ్" అన్న పేరు తప్ప భజన చేసినది ఏ ఊరి జట్టో, గురువు ఎవరో, అది ఏ సంవత్సరమో ఉండదు. పేరూ ఊరూ లేని కైఫియత్తు ఎవరికి పనికొస్తుంది? పైగా యూట్యూబ్‌కు ముందటి ఏళ్ల మాటేమిటి? తొంభైల నుంచి తీసినవి వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో, ఆ పైన మినీ డీవీ టేపుల్లో ఉన్నాయి. వాటికి కడప ఎండ, వానాకాలపు బూజు రెండూ శత్రువులే. 2025 దాటాక అలాంటి టేపులను ఆడించే యంత్రాలే దొరకవని యునెస్కో 2019లోనే హెచ్చరించింది. ఆ గడువు వచ్చేసింది. బీబీసీ అంతటి సంస్థ ఒకప్పుడు టేపులు తిరిగి వాడుకుందామని పాతవి చెరిపేసి, డాక్టర్ హూ ధారావాహికలో తొంభైకి పైగా భాగాలు పోగొట్టుకుని, ఇప్పటికీ వెతుక్కుంటున్నది.

దాచినందువల్ల కలిగే మేలుకు ప్రొద్దుటూరే సాక్ష్యం. పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవాన్ని ఈ ఊరి అగస్త్యేశ్వరాలయంలోనే రచించారని ప్రసిద్ధి. ఆయన 1990లో, కేబుల్ ఇంకా ఈ ఊళ్లకు సరిగా రాకముందే వెళ్లిపోయారు. అయినా ఆ కావ్యాన్ని ఆయన గొంతులోనే ఈనాటికీ వినగలుగుతున్నామంటే, ఆనాడు ఎవరో రికార్డు చేసి పదిలపరచడం వల్లనే. ఆయన తర్వాతి తరం అవధానులు, హరికథకులు, నాదస్వర విద్వాంసులు కేబుల్ కెమెరాల ముందు కూర్చున్నారు. వాళ్లు మనకు మిగలడానికి కళ అడ్డు కాదు, చెరిపివేత అడ్డు.

ఖర్చు ఎవరు పెడతారన్న ప్రశ్నకు జవాబు పెద్దది కాదు. దసరా పది రాత్రులు, రాత్రికి ఐదు గంటల చొప్పున యాభై గంటలు. గంటకు ఐదు జీబీ వేసుకున్నా రెండువందల యాభై జీబీ, అంటే ఒక మామూలు హార్డ్ డిస్కులో పావు భాగం. పాత క్యాసెట్లను ఎక్కించడం కష్టమైన పని, దానికి మనిషీ యంత్రమూ రెండూ కావాలి. ఆ పనికి తగిన చోటు కూడా వెతుక్కోనక్కర్లేదు. కడపలోనే బ్రౌన్ కేంద్రం ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. ప్రతి కేబుల్ సంస్థ ఏడాదికోసారి తన స్థానిక కార్యక్రమాల నకలును, తేదీ, ఊరు, కళాకారుల పేర్లు రాసిన కాగితంతో సహా అక్కడ ఇవ్వాలి. ఈ షరతును మార్గదర్శకాల్లో చేర్చమని కేంద్రాన్ని అడగవచ్చు. అంతవరకు ఆగకుండా జిల్లా యంత్రాంగమే కేబుల్ సంస్థలతో ఒప్పందం చేసుకోవచ్చు. టేపుల మీద యాజమాన్యం ఛానళ్లదే. నకలు మాత్రం అందరిదీ కావాలి.

ఏ టేపులతో మొదలుపెట్టాలంటే, గండికోట జలాశయం వైపు చూడాలి. 26.85 టీఎంసీల ఆ నీటి కోసం ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు మునిగింది. ఆ నీళ్లు సీమ అడిగి తెచ్చుకున్నవే, పొలాలకు కావలసినవే. కానీ మునిగిన ఆ ఊరి వీధులు, గడపలు, గుడి ముందరి బయలు, అక్కడ జరిగిన పండుగలు ఇక కనిపించాలంటే పెళ్లి క్యాసెట్లలోనూ, ఎప్పుడో ఒక కేబుల్ కెమెరా వచ్చి తీసిన టేపుల్లోనూ కనిపించాలి. ఆ క్యాసెట్లు పునరావాస కాలనీల బీరువాల్లో, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు స్టూడియోల అటకల మీద వెతకాలి. వచ్చే ఎండాకాలానికి ముందే.