మీకు తెలుసా? హెలికాప్టర్ రిటైరయ్యాకే అసలు చాకిరీ మొదలవుతుంది

మండపేట చుట్టుపక్కల పెద్దవాళ్ళెవరిని అడిగినా 1986 వరద గురించి చెబుతారు. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకెక్కింది. కోనసీమ లంకలు మునిగాయి. చిక్కుకుపోయిన జనానికి హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడిచాయి. మరి దానికి సరిగ్గా అయిదు రోజుల ముందు, ఆగస్టు 11న, ఇంగ్లండులో వెస్ట్‌ల్యాండ్ లింక్స్ అనే హెలికాప్టర్ గంటకు 400.87 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు కొట్టిందని తెలుసా? ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. ఆ లింక్స్‌ని ఇప్పుడు వెస్టన్ సూపర్ మేర్ అనే సముద్రతీర పట్టణంలోని హెలికాప్టర్ మ్యూజియంలో చూడొచ్చు.

ఆ మ్యూజియం సర్కారు కట్టించింది కాదని తెలుసా? ఎల్ఫాన్ అప్ రీస్ అనే విమానయాన రచయిత పిచ్చి ప్రేమతో పాత హెలికాప్టర్లు పోగుచేయడం మొదలుపెట్టాడు. 1989లో జనానికి తలుపులు తెరిచారు. కేవలం హెలికాప్టర్ల కోసమే ఉన్న మ్యూజియాల్లో ప్రపంచంలో అదే పెద్దదని పేరు. జీతం ఆశించకుండా వచ్చి తుప్పు గీకేవాళ్ళు, రంగులేసేవాళ్ళు, వచ్చినవాళ్ళకి కథలు చెప్పేవాళ్ళే దానికి ఆసరా.

అంత దూరం ఎందుకు? ద్వారపూడిలో రైలెక్కితే విశాఖపట్నం. అక్కడి బీచ్ రోడ్డులోనే ఒక హెలికాప్టర్ మ్యూజియం ఉందని తెలుసా? అందులో ఉన్నది యూహెచ్-3హెచ్, సీ కింగ్ కుటుంబంలోది. ఐఎన్ఎస్ జలాశ్వ నౌకని 2007లో అమెరికా నుంచి కొన్నప్పుడు దానితోపాటు ఇలాంటివి ఆరు వచ్చాయి. 2009 మార్చిలో విశాఖలోని ఐఎన్ఎస్ డేగాలో వీటి స్క్వాడ్రన్ ఏర్పడింది. 17 ఏళ్ళ సేవ తర్వాత, 2024 జూన్ 28న వీటిని సాగనంపారు.

సీ కింగ్ పొట్ట పడవ ఆకారంలో ఎందుకుంటుందో తెలుసా? అవసరమైతే నీళ్ళ మీద దిగి తేలడానికి. నౌక మీద చోటు తక్కువ కాబట్టి రెక్కలూ తోకా మడుచుకుంటాయి. మ్యూజియానికి వెళ్ళినప్పుడు కిందికి వంగి ఆ పొట్ట చూడండి. చాలామంది రెక్కల దగ్గర సెల్ఫీ తీసుకుని వచ్చేస్తారు.

అపోలో 11 వ్యోమగాముల్ని సముద్రంలోంచి తెచ్చింది కూడా సీ కింగే, నంబరు 66. అది 1975లో శాన్ డియాగో తీరంలో కూలి మునిగిపోయింది. అమెరికాలో 66 అంకెతో కనిపించేవన్నీ అదే రంగులేసిన వేరే సీ కింగ్‌లు. శాన్ డియాగోలోనే ఉన్న యూఎస్ఎస్ మిడ్‌వే మ్యూజియంలో పాత విమానాలకి మరమ్మతులు చేసేవాళ్ళలో చాలామంది స్వచ్ఛంద సేవకులే. రిటైరైన నావికులూ మెకానిక్కులూ వారానికి కొన్ని రోజులు వచ్చి పనిచేసి వెళ్తారు.

ఇప్పుడు అసలు విషయం. ఎగిరే విమానాన్ని ఎగరడమే సగం కాపాడుతుంది. వాడుకలో ఉన్నంతకాలం కడుగుతారు, విప్పుతారు, నూనె రాస్తారు, ప్రతి పనీ లాగ్‌బుక్కులో రాస్తారు. మ్యూజియంలో పెట్టాక ఆ మెయింటెనెన్సంతా ఆగిపోతుంది. ఇక వంతు ఉప్పుగాలిది. అల్యూమినియం రేకు మీద ఉక్కు బోల్టు ఉంటే, మధ్యలో ఉప్పునీరు చేరగానే అక్కడ బ్యాటరీ పెట్టినట్టే, అల్యూమినియం తినుకుపోతుంది. మెగ్నీషియం కలిపిన గేర్‌బాక్సు కేసింగుల పని మరీ ఘోరం, కొన్నేళ్ళలోనే పొడిపొడిగా రాలతాయి. ఎండకి కిటికీ ప్లాస్టిక్ పగుళ్ళిస్తుంది. ఇంజిన్ గొట్టాలకి మూతలు పెట్టకపోతే పిట్టలు గూళ్ళు కడతాయి. బరువు చక్రాల మీదే ఉంటే టైర్లు చదునైపోతాయి, అందుకే చాలాచోట్ల స్టాండుల మీద నిలబెడతారు. రెక్కలు తమ బరువుకే వంగుతాయి, ఆధారం ఇవ్వాలి. పాత విమానాల మీటర్లలో చీకట్లో మెరిసే రేడియం రంగు ఉండొచ్చు, దాన్ని గోకకూడదు, ఊదకూడదు. ఈ జాగ్రత్తలన్నీ వానా ఉప్పుగాలీ తప్పని మన తీరంలో తీసుకోవాలి. మ్యూజియం ప్రారంభించడానికి రిబ్బన్ ఒకసారి కత్తిరిస్తే చాలు, కాపాడడానికి మాత్రం ప్రతి సీజనులోనూ మనిషి కావాలి. మనవాళ్ళు రెండోదాని మీద పెట్టే శ్రద్ధ తక్కువని నా అభిప్రాయం.

విశాఖ బీచ్ రోడ్డులోనే మ్యూజియంగా ఉన్న నౌకాదళ టీయూ-142 నిఘా విమానం పొడవు 53 మీటర్లు, రెక్కల విస్తారం 50 మీటర్లు. ఈ రకం విమానాలన్నీ కలిసి 29 ఏళ్ళు, ప్రమాదం లేకుండా 30 వేల గంటలు ఎగిరాక 2017 మార్చి 29న రిటైరయ్యాయి. వాటిలో ఒకటి ఏప్రిల్ 8న చివరిసారి తనే ఎగిరి విశాఖలో దిగింది. తర్వాత దాన్ని ముక్కలుగా విప్పి బీచ్ రోడ్డుకి తెచ్చి మళ్ళీ బిగించారు. ఆ ఏడాది డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

పక్కనే ఉన్న కుర్సురా జలాంతర్గామి సంగతి ఇంకా విచిత్రం. 2001 ఫిబ్రవరిలో రిటైరైనా, సేవలో ఉన్న నౌకలకి ఇచ్చే ‘డ్రెస్డ్ షిప్’ గౌరవం దానికి ఇప్పటికీ ఉంది. లోపల గైడులుగా ఉన్నవాళ్ళు నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్ళే.

విశాఖ వెళ్తే బోర్డు చదివి వచ్చేయకండి, ఆ గైడుతో పది నిమిషాలు మాట్లాడండి. మీ బంధువుల్లో ఎవరైనా నౌకాదళంలోనో వైమానికదళంలోనో హెలికాప్టర్ల దగ్గర పనిచేసి ఉంటే, ఆయన ఫోటోలూ సర్టిఫికెట్లూ అటక మీది ట్రంకుపెట్టెలో చెదలపాలు కానీయకండి. ఏ ఏడు, ఏ చోట, ఏ పని అన్నది ఆయన చేతే రాయించి, మ్యూజియంవాళ్ళకి కావాలేమో అడిగి చూడండి.