వెనక్కి తిప్పడమూ పైలట్ పనే!

హెలికాప్టర్ పైలట్ అవ్వాలనుకుంటున్నారా? అయితే ముందు ఓ ప్రశ్న. బయల్దేరి అరగంటయింది. గమ్యం ఇంకో పది నిమిషాలే. ఎదురుగా కొండల మీదకి మబ్బు దిగుతోంది. వెనక సీట్లో వీఐపీ తొందరపడుతున్నారు. ఏం చేస్తారు? 'ఇంకాస్త ముందుకెళ్లి చూద్దాం' అన్నది మీ జవాబైతే ఒక్క నిమిషం ఆగండి. ఎన్నో ప్రాణాలు పోయింది ఆ 'ఇంకాస్త' దగ్గరే.

అనుభవం ఒక్కటే కాపాడదు

2020 జనవరి 26న అమెరికాలోని కాలిఫోర్నియాలో బాస్కెట్‌బాల్ దిగ్గజం కోబీ బ్రయంట్ ప్రయాణిస్తున్న సికోర్‌స్కీ ఎస్-76బీ హెలికాప్టర్ కాలబాసస్ దగ్గర కొండను ఢీకొంది. తొమ్మిది మందీ చనిపోయారు. పైలట్ కొత్తవాడేం కాదు. పరికరాలు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా ఉంది. కానీ ఆ ట్రిప్ నడిపింది విజువల్ ఫ్లైట్ రూల్స్ కింద. అంటే బయట నేల, ఆకాశం కంటికి కనిపిస్తున్నంత వరకే ఎగరాలి.

మబ్బులో చిక్కుకున్నాక 4,000 అడుగులకు ఎక్కుతున్నానని ఆయన కంట్రోలర్‌కి చెప్పారు. అదే సమయంలో హెలికాప్టర్ ఎడమవైపు తిరుగుతూ కిందికి దిగిపోతోంది! అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2021లో తేల్చిందేంటంటే... వాతావరణం అనుకూలంగా లేకపోయినా ముందుకెళ్లాలనే నిర్ణయమే ప్రమాదానికి దారితీసింది. పైలట్ తన మీద తానే పెట్టుకున్న ఒత్తిడి, మొదలుపెట్టిన ప్లాన్‌ని వదల్లేని తత్వం అందుకు తోడై ఉండొచ్చని కూడా చెప్పింది.

చెవి చెప్పే అబద్ధం

'ఎక్కుతున్నామో దిగుతున్నామో కూడా తెలీదా?' అనిపిస్తుంది కదా. నిజంగానే తెలీదు. లోపలి చెవిలో ఉండే ద్రవం కదలికను బట్టే మనం తిరుగుతున్నామా లేదా అన్నది మెదడుకు తెలుస్తుంది. ఒకే వేగంతో కాసేపు తిరుగుతూ ఉంటే ఆ ద్రవం కూడా సర్దుకుంటుంది. దాంతో తిరుగుతున్నా నిటారుగా వెళ్తున్నట్టే అనిపిస్తుంది. బయట దిగంతం కనిపిస్తే కన్ను ఆ తప్పును దిద్దుతుంది. మబ్బులో ఆ ఆధారం ఉండదు. దీన్నే స్పేషియల్ డిస్‌ఓరియంటేషన్ అంటారు.

1954లో ఇలినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు 20 మంది పైలట్లతో ఓ ప్రయోగం చేశారు. వాళ్లకు ఇన్‌స్ట్రుమెంట్ ట్రైనింగ్ లేదు. బయట ఏమీ కనిపించని పరిస్థితి కల్పిస్తే అందరికీ అదుపు తప్పింది. సగటున 178 సెకన్లలో! అదీ విమానంతో. చిన్న హెలికాప్టర్లలో చాలావాటికి ఆటోపైలట్ ఉండదు. చేతులు, కాళ్లు క్షణం తీరిక లేకుండా సరిదిద్దుతూనే ఉండాలి.

నల్లమల నేర్పిన పాఠం

2009 సెప్టెంబర్ 2. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమల అడవుల్లో కూలింది. ఇద్దరు పైలట్లు సహా ఐదుగురు మరణించారు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక సంగతి చూడటంలో పైలట్లు ఆరు నిమిషాలకు పైగా మునిగిపోయారని, ఆ తర్వాత హెలికాప్టర్ కిందికి తోసే బలమైన గాలిలో చిక్కుకుందని దర్యాప్తు కమిటీ తేల్చింది. వాతావరణం బాగున్నప్పుడు సర్దుకునే చిన్న సమస్య కూడా వానమబ్బుల మధ్య పెద్దదవుతుంది. పైలట్ దృష్టి ఒక్కచోటే ఇరుక్కుపోతే, బయట జరిగేది పట్టించుకునేవాళ్లే ఉండరు.

నిర్ణయం నేల మీదే

మరి ఏం చేయాలి? గాల్లో, ఒత్తిడిలో ఉన్నప్పుడు మనసు బేరాలాడుతుంది. అందుకే అంకెలు ముందే రాసిపెట్టుకోవాలి.

• సొంత హద్దులు: మేఘాల ఎత్తు ఇంతకన్నా తగ్గితే, ఇంతకు మించి దూరం కనిపించకపోతే వెళ్లను అని బయల్దేరకముందే తేల్చుకోండి. కొత్త పైలట్ హద్దులు నిబంధనల్లోని కనీసం కంటే కాస్త ఎక్కువే ఉండాలి.

• వేగమే అలారం: సరిగ్గా కనిపించక మామూలు వేగాన్ని 30 నాట్లు తగ్గించాల్సి వచ్చిందా? అనుకున్న కనీస ఎత్తు కన్నా కిందికి దిగాల్సి వచ్చిందా? ఇక ఆలోచించొద్దు. వెనక్కి తిప్పండి, లేదా దిగిపోండి. అమెరికాలో ఎయిర్ అంబులెన్స్ పైలట్ల సంఘం ప్రచారం చేసిన పద్ధతి ఇది.

• దిగడం హెలికాప్టర్‌కున్న వరం: విమానానికి రన్‌వే కావాలి. మీకు తీగలు, చెట్లు అడ్డులేని ఓ పొలం చాలు. 'ల్యాండ్ అండ్ లివ్' పేరుతో అంతర్జాతీయ హెలికాప్టర్ సంఘం నడిపిన ప్రచారం సారాంశం అదే. ప్రమాదం ముంచుకొచ్చేదాకా ఆగకుండా ముందే దిగు, బతుకు!

• ఆ మాట ప్రాక్టీస్ చేయండి: 'సర్, ముందు వాతావరణం బాలేదు. దగ్గర్లో దించుతున్నాను. అక్కడి నుంచి కారులో వెళ్దాం.' వినడానికి తేలికే. కానీ పెద్దవాళ్ల ముందు తడబడకుండా చెప్పాలంటే అలవాటు ఉండాలి.

• మబ్బులోకి వెళ్లిపోతే: శరీరం చెప్పేది నమ్మొద్దు. పరికరాలు చూస్తూ ముందు హెలికాప్టర్‌ను సమంగా నిలపాలి. తర్వాతే సురక్షితమైన ఎత్తు, ఆ తర్వాత రేడియో.

కోర్సులో చేరేముందు

కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్స్‌కి కనీసం 18 ఏళ్లుండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివినవాళ్లకు దారి సులువు. క్లాస్-1 మెడికల్ పాసవ్వాలి. డీజీసీఏ పరీక్షల్లో మెటియరాలజీ ఒకటి. చాలామంది దాన్ని 'బట్టీపట్టి గట్టెక్కే పేపర్' అనుకుంటారు. అలా వదిలేయొద్దు. రేపు కొండల మధ్య మిమ్మల్ని కాపాడేది ఆ పేపరే. ట్రైనింగ్ స్కూల్ ఎంచుకునేటప్పుడు ఫీజు, ప్లేస్‌మెంట్లతో పాటు ఈ రెండూ అడగండి: మబ్బులో చిక్కుకుంటే బయటపడటం ఎన్ని గంటలు నేర్పిస్తారు? వాతావరణం బాలేదని స్టూడెంట్ ఫ్లైట్ రద్దు చేసుకుంటే మీరేమంటారు? రెండో ప్రశ్నకు వాళ్లు విసుక్కుంటే, ఇంకో స్కూల్ చూసుకోండి.